ఇనుప కొండ కోసం ఇల్లు మారుతున్న ఊరు

కిరునాలో అర్ధరాత్రి ఒంటి గంట దాటాక మంచాలు కదులుతాయి. కొత్తగా వచ్చిన వాళ్లు ఉలిక్కిపడి లేస్తారు. ఊరివాళ్లు అటు తిరిగి పడుకుంటారు. గనిలో మందుగుండు పేల్చే వేళ అది. మనుషులందరూ పైకి వచ్చాక పేలుస్తారు, పొగ తగ్గాక మళ్లీ దిగి రాలిన రాయిని ఎత్తిపోస్తారు.

స్వీడన్ ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ వలయానికి ఇంకా 145 కిలోమీటర్లు పైన ఉంది ఈ ఊరు. కిరునా మునిసిపాలిటీ విస్తీర్ణంలో మన ఉమ్మడి అనంతపురం జిల్లా అంత ఉంటుంది. జనం మాత్రం 22 వేల చిల్లర. యూరోపియన్ యూనియన్‌లో తవ్వే ఇనుప ఖనిజంలో దాదాపు 80 శాతం ఎల్‌కేఏబీ అనే ఒక్క కంపెనీదే. 1890లో పుట్టిన ఆ కంపెనీ ఇప్పుడు పూర్తిగా స్వీడన్ ప్రభుత్వానిది. దానికున్న గనుల్లో కిరునాదే పెద్దది.

చిక్కంతా ఖనిజం పడుకున్న తీరులో ఉంది. నాలుగు కిలోమీటర్ల పొడవు, 80 మీటర్ల మందం ఉన్న ఇనుప పలక ఒకటి భూమిలోకి ఏటవాలుగా దిగింది, అదీ సరిగ్గా ఊరి కిందికి. పలకను కింది నుంచి తవ్వి తీస్తుంటే పైనున్న రాయి కూలి ఖాళీని నింపుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ ఉపరితలం మీద పగుళ్లు ఊరివైపు జరుగుతాయి. ఇప్పుడు ఖనిజాన్ని చేరవేసే ప్రధాన అంతస్తు 1,365 మీటర్ల స్థాయిలో ఉంది. ఇలా ఐతే ఊరు నిలవదని 2004లోనే కంపెనీ చెప్పేసింది. గని ఆపడమా, ఊరు జరపడమా అన్న ప్రశ్న మీద పెద్దగా వాదనే జరగలేదు. గని లేకపోతే ఊరెందుకు?

నిజానికి ఊరు పుట్టిందే గని కోసం. 1900లో ఊరు వెలిసినప్పుడు గని మేనేజరు యాల్మర్ లుండ్‌బూమ్. మైనస్ ముప్పై డిగ్రీల చలిలోకి కూలీని జీతం చూపించి రప్పించొచ్చు గానీ, పెళ్లాంపిల్లలతో అక్కడే ఉంచడం వేరే సంగతని ఆయన గ్రహించాడు. పూరిపాకల క్యాంపులకు బదులు మాదిరి పట్టణం కట్టించాడు. పేర్ ఊలోఫ్ హాల్‌మన్ అనే ప్లానరు కొండవాలు మీద, గాలి ఉరవడిని తగ్గించేలా వీధులు వంపులు తిప్పి వేశాడు. 1907 నాటికి ట్రామ్ నడిచింది. 1912లో సామీ తెగ గుడారాన్ని తలపించే చెక్క చర్చి లేచింది.

ఆ ముందుచూపును కంపెనీ అన్నివేళలా నిలబెట్టుకోలేదనుకోండి. 1969 డిసెంబరులో మొదలైన సమ్మెలో దాదాపు 5,000 మంది గని కార్మికులు 57 రోజులు పని మానేశారు. కూలి రేటుతో పాటు పైఅధికారులు తమను మనుషులుగా చూడడం లేదన్నదీ వాళ్ల ఫిర్యాదే. సమ్మెలు అరుదైన స్వీడన్‌లో ఆ 57 రోజులను ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇప్పుడు పని పరిస్థితులు ఎంతో మెరుగు. రిమోట్‌తో నడిచే యంత్రాలొచ్చాయి. కిరునాలో పనివాళ్లు దొరకడమే కష్టం. గనికి తోడు 1966 నుంచి పనిచేస్తున్న ఎస్రాంజ్ రాకెట్ కేంద్రం ఉంది. అంతరిక్ష ఇంజనీరింగ్ నేర్పే లూలియో సాంకేతిక విశ్వవిద్యాలయ శాఖలో మన దేశపు విద్యార్థులూ చదువుతుంటారు. పక్కనే యుకస్‌యార్విలో ఏటా కొత్తగా మంచుతో కట్టే హోటలుకు పర్యాటకులు వస్తారు. ఇన్ని ఉన్నా, 1970ల్లో 30 వేలు దాటిన జనాభా మళ్లీ ఆ అంకెను చూడలేదు.

ఎందుకంటే కొందరు పనికి వస్తారు, ఉండడానికి రారు. దక్షిణ స్వీడన్ నుంచి విమానంలో వచ్చి, వారమో రెండు వారాలో పనిచేసి వెళ్లిపోతారు. స్వీడన్‌లో జీతం మీద పన్నులో పెద్ద భాగం, జీతంలో సుమారు మూడో వంతు, నివాసం నమోదైన చోటి స్థానిక సంస్థలకు చేరుతుంది. పనిచేసే చోటుకు కాదు. అంటే కిరునా రోడ్ల మీద మంచు తోసే ఖర్చు కిరునాది, పన్ను ఇంకో ఊరిది. పోనీ ఖనిజం మీద వాటా ఉందా అంటే, మునిసిపాలిటీకి రాయల్టీ ఏమీ రాదు. లాభం స్టాక్‌హోమ్ ఖజానాకు పోతుంది. గని ప్రాంతాల కోసం జిల్లా ఖనిజ నిధి పెట్టాలని మన దేశం 2015లో చట్టం చేసింది. దాని అమలు మీద ఎన్ని ఫిర్యాదులున్నా, ఆ హక్కంటూ కాగితం మీద ఉంది. సంపన్న స్వీడన్‌లో అదీ లేదు.

ఖనిజం మాత్రం ఆగకుండా పోతూనే ఉంటుంది. ఒక్కో రైలుకు 68 వ్యాగన్లు, ఒక్కో వ్యాగన్లో 100 టన్నులు. నార్వేలోని నార్విక్ రేవు చలికాలంలోనూ గడ్డకట్టదు, అక్కడికే ప్రయాణం. 2023 డిసెంబరులో రైలు పట్టాలు తప్పి ఆ మార్గం రెండు నెలలు మూతపడింది. బాగుచేసి తెరిచిన కొద్ది రోజులకే మరో రైలు పట్టాలు తప్పింది. ఉన్నది ఒక్కటే లైను.

ఇక రోజువారీ బతుకు. డిసెంబరులో దాదాపు మూడు వారాలు సూర్యుడు దిగంతం దాటి పైకి రాడు, మే చివరి నుంచి జూలై మధ్య దాకా అస్తమించడు. పిల్లల సంరక్షణ, చదువు, తల్లిదండ్రులకు కలిపి 480 రోజుల సెలవు, వైద్యం... స్వీడన్ పౌరుడికి ఎక్కడైనా దక్కేవి ఇక్కడా దక్కుతాయి. కాన్పు మాత్రం కిరునాలో కుదరదు. నొప్పులు మొదలైన మనిషిని సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని యెల్లివారె ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మంచు తుఫానులో ఆ ప్రయాణం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కొత్త ఊరు పాత ఊరికి మూడు కిలోమీటర్ల తూర్పున లేచింది. 2018లో టౌన్‌హాలు, 2022 సెప్టెంబరులో ఊరి నడిబొడ్డు తెరుచుకున్నాయి. ఖర్చు కంపెనీది. సొంత ఇల్లున్నవాళ్లకు మార్కెట్ ధర మీద 25 శాతం అదనంగా, లేదా బదులు ఇల్లు. అద్దెకున్నవాళ్లకే ఇబ్బంది. కొత్త ఫ్లాటు బాగుంటుంది, అద్దె కూడా అలాగే పెరుగుతుంది. పైగా కొత్త ఊరు పల్లంలో ఉంది. చల్లగాలి దిగి అక్కడే నిలుస్తుందని, చలికాలంలో పాత ఊరికంటే పది డిగ్రీల దాకా ఎక్కువ చలి ఉండవచ్చని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అంటున్నారు. 1900లో హాల్‌మన్‌కు తెలిసిన సంగతి నూరేళ్ల తర్వాతి ప్లానర్లకు పట్టలేదంటే విడ్డూరమే.

2025 ఆగస్టు 19, 20 తేదీల్లో 672 టన్నుల ఆ చెక్క చర్చిని చక్రాల బండ్ల మీద, గంటకు అర కిలోమీటరు వేగంతో, ఐదు కిలోమీటర్లు నడిపించారు. స్వీడన్ రాజు వచ్చి చూశారు, టీవీ ప్రత్యక్ష ప్రసారం చేసింది. చర్చి కొత్త చోట కుదురుకున్న కొద్ది రోజులకే కంపెనీ మరో మాట చెప్పింది: ఇంకో 2,700 ఇళ్లు, సుమారు 6,000 మంది కదలాల్సి ఉంటుందని. మరోవైపు, పది లక్షల టన్నులకు పైగా అరుదైన మృత్తిక మూలకాల ఆక్సైడ్లున్న పేర్ గెయ్యర్ నిక్షేపాన్ని 2023 జనవరిలో ప్రకటించారు. దాన్ని తవ్వితే తమ రెయిన్‌డీర్ల దారి తెగిపోతుందని సామీ పశుపోషకులు పోరాడుతున్నారు. వాళ్లకు మార్కెట్ ధర మీద 25 శాతం లెక్క కుదరదు. దారికి ధర కట్టేదెవరు?

ఉత్తర స్వీడన్ కొలువుల గురించి మనవాళ్లకు మరో ఊరి కథ ఇంకా ముఖ్యం. సముద్ర తీరానికి దగ్గర్లోని షెలెఫ్టియోలో చౌక జలవిద్యుత్తును నమ్ముకుని నార్త్‌వోల్ట్ బ్యాటరీ ఫ్యాక్టరీ పెట్టింది. 2021 చివర్లో తొలి సెల్ తయారైంది. భారతీయులతో సహా వందకు పైగా దేశాల వాళ్లు చేరారు. 2025 మార్చిలో కంపెనీ దివాలా తీసింది. అప్పటి నిబంధన ప్రకారం పని పర్మిట్ మీదున్న వాళ్లు ఉద్యోగం పోయిన మూడు నెలల్లో ఇంకో పని వెతుక్కోవాలి, లేదా దేశం విడవాలి. ఇల్లు తీసుకుని, పిల్లల్ని బడిలో వేసినవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకే ఇలాంటి ఆఫర్ చేతికొచ్చిన తెలుగు ఇంజనీరు జీతం అంకె దగ్గరే ఆగిపోకూడదు. పర్మిట్ ఆ కంపెనీకే ముడిపడి ఉందా, ఇల్లు ఎవరు చూపిస్తారు, భార్యకో భర్తకో ఆ ఊళ్లో పని దొరుకుతుందా, ఉన్న ఒక్క కంపెనీ మూతపడితే మూడు నెలల్లో ఇంకో పని దొరికేంత ఊరేనా అని సంతకానికి ముందే అడగాలి. అక్కడ ఇప్పటికే ఉంటున్న మనిషినొకరిని వెతికి, డిసెంబరులో ఫోన్ చేసి అడిగితే ఇంకా మంచిది.