ఎరిత్రోడెర్మా: ఒళ్లంతా ఎర్రబడి పొట్టు రాలే స్థితి

సోరియాసిస్, ఎగ్జిమా సాధారణంగా అక్కడక్కడ మచ్చలుగా కనిపిస్తాయని గత భాగంలో చదివారు. అవే మచ్చలు కలిసిపోయి తల నుంచి పాదాల వరకు వ్యాపిస్తే ఏమవుతుందో ఇక్కడ పరిశీలిద్దాం. శరీర ఉపరితలంలో 90 శాతం లేదా అంతకు మించి చర్మం ఎర్రబడి, పొలుసులుగా రాలుతుంటే ఆ స్థితిని ఎరిత్రోడెర్మా అంటారు. రోగి అరచేయి, వేళ్లతో సహా, అతని శరీర ఉపరితలంలో సుమారు 1 శాతం ఉంటుంది. కాబట్టి ఇలాంటి రోగిలో బాగున్న చర్మాన్ని లెక్కపెట్టడమే సులువు: పది అరచేతులంత చోటు కూడా మిగలకపోతే అది ఎరిత్రోడెర్మా. నల్లని చర్మం మీద ఎరుపు స్పష్టంగా కనిపించదు. ముదురు గోధుమ రంగుగానో ఊదా రంగుగానో ఉంటుంది.

జ్వరంలాగే ఇది కూడా ఒక స్థితి; దీని వెనుక అసలు కారణం వేరే ఉంటుంది. పెద్దవారిలో ఎక్కువగా కనిపించే కారణాలు సోరియాసిస్, ఎగ్జిమా, మందులు పడకపోవడం. ఫెనిటాయిన్, కార్బమజిపైన్, అల్లోప్యూరినాల్, సల్ఫా మందులు, డాప్సోన్ ఇందులో ముఖ్యమైనవి. మందు మొదలుపెట్టిన కొన్ని వారాల తరువాత కూడా ఇది రావచ్చు కనుక రోగికి ఆ మందుపై అనుమానమే రాదు. అరుదుగా చర్మానికి వచ్చే ఒక రకం లింఫోమా, ముదిరిన గజ్జి కూడా కారణమవుతాయి. కొందరిలో ఎంత వెతికినా కారణం దొరకదు.

ఒక ఉదాహరణ చూద్దాం. మోచేతులు, మోకాళ్ల మీద సోరియాసిస్ ఉన్న ఒక రైతు దురద భరించలేక ఊళ్లో స్టెరాయిడ్ మాత్రలు తీసుకున్నాడనుకోండి. వారంలోనే మచ్చలు మాయమవుతాయి. తగ్గింది కదా అని మానేస్తాడు. కొద్ది రోజులకే ఒళ్లంతా ఎర్రబడి, పక్క మీద పొట్టు గుప్పెడు గుప్పెడుగా రాలుతుంది. సోరియాసిస్‌లో స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు సాధ్యమైనంతవరకు వాడరాదనడానికి కారణం ఇదే. అయితే చాలాకాలంగా వాడుతున్నవారు కూడా వాటిని ఒక్కసారిగా మానకూడదు. వైద్యుని పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

చర్మమే కదా, ప్రాణానికి ముప్పేమిటని అడగవచ్చు. చర్మం ఒక అవయవం. గుండె, మూత్రపిండాలలాగే అది కూడా విఫలం కాగలదు. ఎర్రబడిన చర్మంలోని రక్తనాళాలన్నీ వ్యాకోచించి ఉండటం వల్ల శరీరంలోని వేడి బయటికి పోతుంది. అందుకే ఒళ్లు ముట్టుకుంటే కాలుతున్నా రోగి వణుకుతుంటాడు. ఇది చూసి జ్వరమని ఇంట్లోవారు తడిబట్టతో తుడిచి ఫ్యాను వేస్తారు. దానివల్ల ఒంటి ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పడిపోవచ్చు. చర్మానికే ఎక్కువ రక్తం అందించవలసి రావడంతో గుండెపై భారం పెరుగుతుంది, ముఖ్యంగా వృద్ధులలో. నీరు ఆవిరై పోతుంది, పొలుసులతో మాంసకృత్తులు పోతాయి, ఆల్బుమిన్ తగ్గి కాళ్లు వాస్తాయి. పగిలిన చర్మం ద్వారా సూక్ష్మజీవులు రక్తంలోకి చేరితే ప్రాణాపాయమే.

కనుక ఈ రోగిని ఆసుపత్రిలో చేర్చాలి. గదిని వెచ్చగా ఉంచి, తెల్ల వ్యాసలిన్ లేదా లిక్విడ్ పారఫిన్‌ను రోజుకు అనేకసార్లు ఒళ్లంతా రాస్తారు. తక్కువ తీవ్రత గల స్టెరాయిడ్ పూతమందు ఉపయోగపడుతుంది. ఉష్ణోగ్రత, నాడి, తాగిన నీరు, వెళ్లిన మూత్రం, బరువు నమోదు చేస్తారు. గుడ్లు, పప్పు, పాలు పెంచాలి. చర్మవ్యాధి అంటే పత్యం పేరుతో వీటినే మాన్పించడం మన ఇళ్లలో ఉన్న అలవాటు. అనుమానమున్న మందును వైద్యుడు ఆపి, అవసరమైతే బదులు మందు ఇస్తాడు. అందువల్ల గత మూడు నెలల్లో వాడిన మందులన్నీ, నాటుమందులతో సహా, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అసలు కారణం తెలిశాకే దానికి తగిన చికిత్స మొదలవుతుంది. సోరియాసిస్ అయితే మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ వంటివి.

నోటిలో, కళ్లలో పుండ్లు, బొబ్బలు, చర్మం పొరలు పొరలుగా ఊడిరావడం కనిపిస్తే అది ఇంతకన్నా తీవ్రమైన మరో మందు ప్రతిచర్య కావచ్చు. అప్పుడు గంటలు కూడా ఆలస్యం చేయరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఎరిత్రోడెర్మా రోగి ఒళ్లు వేడిగా ఉన్నా ఎందుకు వణుకుతాడు? అతనికి ఫ్యాను వేయడం ఎందుకు సరికాదు?