విండో పరిమాణం, స్థానాల గణన: తెలుగు పాఠ్యం దృష్ట్యా ఒక పరిశీలన

గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్ ప్రోగ్రాములలో విండో కొలతలను ముందుగానే స్థిరసంఖ్యలుగా రాసివేయడం తరచుగా కనిపించే పద్ధతి. ఆంగ్ల పాఠ్యంతో పరీక్షించినంత కాలం ఇందులోని లోపం బయటపడదు. అదే విండోలో తెలుగు పాఠ్యాన్ని ఉంచినప్పుడు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటలలో వత్తుల అడుగుభాగం తెగిపోతుంది. దీనిని ఫాంటు దోషంగా భావించడం కద్దు. చాలా సందర్భాలలో ఇది గణనక్రమంలోని దోషమే. లెక్క పాఠ్యం నుండి మొదలై వెలుపలి చట్రం వైపు సాగాలి. మైక్రోసాఫ్ట్ విండోస్ వ్యవస్థ ఆధారంగా ఈ క్రమాన్ని పరిశీలించవచ్చు.

‘స్త్రీ’ తెరపై ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకార గుర్తు అనే 6 సంకేతాల వరుస. సంకేతాల సంఖ్యను సగటు వెడల్పుతో హెచ్చవేసి పొందిన కొలత ఇక్కడ అక్కరకు రాదు. డైలాగ్ పెట్టెల అడ్డు కొలత కూడా ఆంగ్ల వర్ణమాలలోని పెద్ద, చిన్న అక్షరాల సగటు వెడల్పుపైనే ఆధారపడింది. కనుక డ్రాటెక్స్ట్ ఫంక్షన్‌ను డీటీ_కాల్క్‌రెక్ట్ సూచనతో పిలిచి, మొత్తం పాఠ్యానికి పట్టే దీర్ఘచతురస్రాన్ని పొందడం సమంజసం. కొలిచే ఫాంటు, చూపే ఫాంటు ఒకటే కావాలి. గౌతమితో కొలిచి నిర్మలా యూఐతో చూపితే ఆ కొలత చెల్లదు.

ఇట్లా తేలినది క్లయింట్ ప్రాంతం, అంటే ప్రోగ్రాము రాతకు, బొమ్మకు దక్కే లోపలి భాగం. క్రియేట్‌విండో ఫంక్షన్ అడిగేది మాత్రం అంచులు, టైటిల్ బార్ కలిసిన మొత్తం పరిమాణాన్ని. ఈ రెంటికీ వంతెన అడ్జస్ట్‌విండోరెక్ట్. విండోస్ 10లో 96 డీపీఐ వద్ద, మెనూ లేని సాధారణ విండోకు 800×600 క్లయింట్ ప్రాంతం కోరితే, అది ఎడమ −8, పై −31, కుడి 808, అడుగు 608 అనే విలువలను ఇస్తుంది. కుడి నుండి ఎడమను, అడుగు నుండి పైదానిని తీసివేస్తే 816×639 వస్తుంది. విద్యార్థులు 808, 608లనే నేరుగా వాడడం సులభంగా జరిగే పొరపాటు.

మెనూ విషయంలో మరొక చిక్కు ఉంది. మెనూ ఉన్నదని తెలిపినా ఈ ఫంక్షన్ దానిని ఒకే వరుసగా లెక్కిస్తుంది. తెలుగు మెనూ పేర్లు దీర్ఘమై పట్టీ రెండవ వరుసలోకి మడిస్తే, ఆ మేరకు క్లయింట్ ప్రాంతం ఎత్తు తగ్గుతుంది. విండో ఏర్పడిన తరువాత గెట్‌క్లయింట్‌రెక్ట్‌తో అసలు ఎత్తును చూసి, లోటును కలపక తప్పదు. పాఠ్యపుస్తకాలలోని ఉదాహరణలు పొట్టి ఆంగ్ల పేర్లతో ఉండడం వల్ల ఈ అవసరం కంటబడదు.

పరిమాణం తేలితే స్థానం తేలికే. టాస్క్‌బార్‌ను మినహాయించిన పనిప్రాంతంలో విండోను మధ్యకు తేవాలి. 1920×1080 తెర అడుగున టాస్క్‌బార్‌కు 40 పిక్సెళ్లు పోతే మిగిలే ఎత్తు 1040. ఎడమ స్థానం (1920−816)/2, అంటే 552. పై స్థానం పూర్ణాంకంగా 200. ప్రధాన తెరకు ఎడమవైపు అంతే వెడల్పున్న మరో తెర ఉంటే, దాని నిరూపకాలు −1920 నుండి మొదలవుతాయి. అక్కడి ఎడమ స్థానం −1368. ఋణసంఖ్యను తప్పుగా భావించి సున్నాకు మార్చే ప్రోగ్రాములు విండోను వేరే తెరపైకి నెట్టివేస్తాయి.

తెర స్కేలింగ్ 125 శాతమైతే 800×600 కాస్తా 1000×750 అవుతుంది. 1366×768 ల్యాప్‌టాప్‌లో చట్రాన్ని కలిపేసరికి ఎత్తు తెరను మించిపోతుంది. అప్పుడు అక్షరాన్ని కుదించడం కంటే, విండో ఎత్తును పనిప్రాంతానికి పరిమితం చేసి లోపల స్క్రోల్ పట్టీని చేర్చడం మేలు; వత్తులను కుదిస్తే చదవడమే కష్టమవుతుంది. స్క్రోల్ పట్టీ కూడా కొంత వెడల్పును ఆక్రమిస్తుంది కనుక పాఠ్యాన్ని ఆ తగ్గిన వెడల్పుతో మరొకసారి కొలవాలి.