నైట్రాక్స్‌తో ఇంకా లోతుకు వెళ్లొచ్చా?

సత్తెనపల్లిలో సముద్రం లేదు కానీ, గోలీసోడా ఉంది. గోలీని లోపలికి నొక్కగానే బుస్సుమని బుడగలు ఎందుకొస్తాయి? ఒత్తిడికి నీటిలో కరిగిన వాయువు, ఒత్తిడి తగ్గగానే బయటికి ఉరుకుతుంది.

విశాఖ రుషికొండలో స్కూబా డైవింగ్ చేసేవాళ్ల ఒంట్లోనూ అంతే. లోతులో నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. గబగబా పైకొస్తే బుడగలు కడుతుంది. కీళ్లనొప్పులు, ఒక్కోసారి పక్షవాతం కూడా రావచ్చు.

అందుకే కొందరు నైట్రాక్స్ అనే వాయు మిశ్రమం వాడతారు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం, ఇందులో తరచుగా 32. నైట్రోజన్ తగ్గింది కనుక అదే లోతులో ఎక్కువసేపు ఉండొచ్చు. ఇంకా లోతుకూ వెళ్లొచ్చనుకుంటారు చాలామంది. అబ్బే, తలకిందులు! సముద్రంలో 10 మీటర్లకోసారి ఒత్తిడి సుమారు ఒక వాతావరణ పీడనమంత పెరుగుతుంది. పైనున్న గాలిది ఒకటి కలిపితే, 40 మీటర్ల దగ్గర మొత్తం 5. దాన్ని 0.32తో గుణిస్తే ఆక్సిజన్ వాటా ఒత్తిడి 1.6. డైవర్లు మామూలుగా 1.4 దాటరు. దాటితే ఆక్సిజనే విషమై ఫిట్స్ రావచ్చు. నీళ్లలో ఫిట్స్ అంటే మునకే. అందుకే 32 శాతానికి హద్దు సుమారు 33 మీటర్లు.

సిలిండర్‌లో ఆక్సిజన్ శాతాన్ని అనలైజర్‌తో ఎవరికి వారే కొలుచుకుని, శాతం, లోతు హద్దు, తేదీ రాసి అంటించాలి. డైవ్ కంప్యూటర్‌లోనూ అదే శాతం పెట్టాలి. మిరప చేనుకు మందు కొట్టేముందు డబ్బా మీది మోతాదు చూడరా? ఇదీ అంతే. శిక్షణ లేకుండా మాత్రం ఆ సిలిండర్ ముట్టుకోవద్దు.