అటక మీది పోలరాయిడ్ మళ్లీ పనిచేస్తుందా? ధరణికోటలో 8 ఫొటోలు తీసి చూశాం

90ల్లో అమెరికా నుంచి వచ్చిన మామయ్యో, బాబాయో తెచ్చిన పోలరాయిడ్ కెమెరా కొన్ని ఇళ్లల్లో ఇప్పటికీ అటక మీదే ఉంటుంది. అప్పట్లో ఒకటి రెండు ప్యాక్‌లు అయిపోయాక ఫిల్మ్ దొరక్క పక్కన పడేసిన డబ్బా. దాన్ని దించి వాడొచ్చా? చాలా వాటిని వాడొచ్చు. కాకపోతే ఫోన్ కెమెరా అలవాటైన చేతికి ఇది పూర్తిగా వేరే లెక్క. ప్యాక్‌లో 8 ఫొటోలే, డిలీట్ లేదు, నెగెటివ్ లేదు. పైగా మన ఎండకి, ఈ ఫిల్మ్‌కి అస్సలు పడదు.

ముందు మీ దగ్గరున్నది ఏ మోడలో చూడండి

ఎడ్విన్ ల్యాండ్ కంపెనీ మొదటి ఇన్‌స్టంట్ కెమెరా 1948లో అమ్మకానికి వచ్చింది. ఫొటో బయటికి లాగి పొర ఒలిచే రకం అది. ఇలాంటి ఒలిచే ఫిల్మ్‌లో ఫ్యూజీ చివరిదాకా తయారుచేసిన ఎఫ్‌పీ-100సీ కూడా 2016లో ఆగిపోయింది, కాబట్టి ఆ కెమెరా మీ ఇంట్లో ఉంటే షోకేస్‌లో పెట్టుకోండి. వెడల్పు ఫొటోలిచ్చే స్పెక్ట్రా సంగతీ అంతే, దాని ఫిల్మ్ 2019లో ఆపేశారు. 1972లో వచ్చిన ఎస్ఎక్స్-70, 1981లో మొదలైన 600 సిరీస్ మాత్రం బతికున్నాయి. 2008లో పోలరాయిడ్ ఫిల్మ్ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటిస్తే, నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడె ఫ్యాక్టరీని ఇంపాజిబుల్ ప్రాజెక్ట్ అనే చిన్న బృందం నిలబెట్టింది. ఇప్పుడు పోలరాయిడ్ పేరుతో వస్తున్న ఫిల్మ్ అదే.

600 కెమెరాలో బ్యాటరీ గది కోసం వెతక్కండి, ఉండదు. బ్యాటరీ ఫిల్మ్ ప్యాక్ అడుగునే ఉంటుంది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఈ కెమెరాలు లేవడానికి ఇదో కారణం. లోపల లీకై పాడుచేసే పాత సెల్ ఏదీ ఉండదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్టయితే ఎవరి దగ్గరైనా వాడేసిన ఖాళీ ప్యాక్ తీసుకెళ్లండి. అందులో ఎంతోకొంత చార్జి మిగిలే ఉంటుంది. ప్యాక్ పెట్టి మూస్తే మోటార్ తిరగాలి, ఫ్లాష్ చార్జ్ అవ్వాలి. రెండూ అయితే సగం బేరం కుదిరినట్టే. మూత తెరిచినప్పుడు రెండు స్టీల్ రోలర్లు కనిపిస్తాయి. వాటిమీద ఎండిపోయిన మందు ఉంటే తడిగుడ్డతో మెల్లగా తుడవండి. ఫొటో మీద ఒకే దూరంలో మళ్లీ మళ్లీ మచ్చలు పడ్డాయంటే తొంభై శాతం రోలర్ల పనే.

కొత్త ఫిల్మ్ కొనేటప్పుడు పెట్టె మీద పేరు చూడండి. ఐ-టైప్ చవక, కానీ అందులో బ్యాటరీ ఉండదు, పాత కెమెరాలో పనిచేయదు. 600 ఫిల్మ్ ఐఎస్ఓ 640, ఎస్ఎక్స్-70 ఫిల్మ్ సుమారు 160. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే రెండు స్టాప్‌ల తేడా వస్తుంది, ఫొటో తెల్లగా పాలిపోతుంది లేదా నల్లగా వస్తుంది.

ధరణికోట ఎండ

ఈ ఫిల్మ్‌కి 13 నుంచి 28 డిగ్రీల మధ్య వాతావరణం కావాలి. ఫొటో బయటికి వచ్చేటప్పుడు తెల్ల అంచులోని చిన్న సంచీ చితికి, అందులోని మందు పొరల మధ్య పరుచుకుంటుంది. రంగులన్నీ ఆ రసాయనాల పనే. వేడి ఎక్కువైతే ఆ పని అదుపు తప్పి ఫొటో పసుపుగానో, ఎర్రగానో తిరుగుతుంది. రెంటచింతల పేరు ప్రతి మేలోనూ వార్తల్లో ఉండే జిల్లా మనది. కాబట్టి పల్నాడులో ఈ కెమెరాకి సీజన్ ఒకటే, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా, అదీ ఉదయంపూట.

మేం జనవరిలో ఒక పొద్దున ఎనిమిదింటికి ఒక 600తో మొదలుపెట్టాం. మొదటి ఫొటో పాత మట్టికోట గట్టు. శాతవాహనుల ధాన్యకటకం ఇదే అని మనకి తెలుసు గానీ ప్లాస్టిక్ లెన్స్‌కి తెలీదు. కింద గడ్డి గీత, పైన ఆకాశం, అంతే. దూరపు దృశ్యాలకి ఈ కెమెరా దండగ. నాలుగు నుంచి ఎనిమిది అడుగుల్లో నిలబడ్డ మనిషికి మాత్రం భలే ఉంటుంది. నాలుగు అడుగుల లోపలికి వెళితే మామూలు 600కి మసకే.

ఆ ప్యాక్ మొత్తంలో బాగా వచ్చింది ఫ్రెండ్ వాళ్ల నాయనమ్మ ఫొటో. వసారాలో నీడ, ఐదడుగుల దూరం, ఫ్లాష్. ఫొటో రాగానే ఊపలేదు. ఊపితే త్వరగా రాదు, పైగా లోపలి పొరలు కదిలే ప్రమాదం. వెలుతురు తగలకుండా బోర్లించి, పావుగంట జేబులో ఉంచాం. ఇప్పటి ఫిల్మ్ మొదటి కొన్ని క్షణాలు వెలుతురుకి చాలా సున్నితం. ఫొటో చూసి ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏరా, దీంట్లోంచే నాకింకోటి తియ్యలేవా?"

తియ్యలేం. నెగెటివ్ లేకపోవడమంటే అదే. ఈ ఊరి పక్కన అమరావతి స్తూపం రాళ్లని 1858లో లినియస్ ట్రైప్ మద్రాసులో ఫొటోలు తీశాడు. అవి నెగెటివ్ నుంచి తీసినవి, కాబట్టి ఎన్ని కాపీలైనా వేసుకున్నారు. అంతకుముందు 1816-17లో మెకంజీ మనుషులు బొమ్మలు గీసిన రాళ్లలో కొన్ని తర్వాత కనపడకుండా పోయాయి, వాటికి ఆ బొమ్మే సాక్ష్యం. ఒక్క కాపీ పోతే ఏమవుతుందో ఈ ఊరికి చెప్పనక్కర్లేదు. ఫొటో నాయనమ్మకే ఇచ్చేసి, ముందే ఫోన్లో ఒక స్కాన్ తీసుకున్నాం. మీరూ అదే రోజు స్కాన్ చేయండి. కిటికీ పక్కన, నేరుగా పైనుంచి, మెరుపు పడకుండా. ఒరిజినల్‌ని కొన్ని వారాలు ఆరనిచ్చాకే ఆల్బమ్‌లో పెట్టండి, ఎండ తగిలే గోడకి మాత్రం వద్దు.

ఖర్చు సంగతి. అమెరికాలోనే 8 ఫొటోల ప్యాక్ సుమారు 20 డాలర్లు, అంటే ఒక్కో నొక్కుడుకి రెండొందల పైనే. ఇక్కడికి వచ్చేసరికి ఇంకా పెరుగుతుంది. ఇంట్లో కెమెరా లేకుండా, సరదాకి కొత్తగా మొదలుపెట్టాలంటే మా ఓటు ఫ్యూజీ ఇన్‌స్టాక్స్ మినీకే. ఫొటో చిన్నది, కానీ ఫిల్మ్ మన సిటీల్లో సులువుగా దొరుకుతుంది, వేడిని కూడా కాస్త తట్టుకుంటుంది. పాత 600 కొనడం అర్థముందా అంటే, ఇంట్లో ఇప్పటికే ఉంటేనే.

ఫిల్మ్‌ని ఫ్రిజ్‌లో పెట్టండి, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, గడ్డకడితే మందు పాడవుతుంది. వాడే ముందు బయటపెట్టి గది వేడికి రానివ్వండి. ప్యాక్ పెట్టాక మధ్యలో తీస్తే ఒక ఫొటో పోయినట్టే. ఇంకోటి, పాత కెమెరాల కౌంటర్ 10 నుంచి మొదలవుతుంది, ఎందుకంటే అప్పట్లో ప్యాక్‌కి 10 ఉండేవి. కౌంటర్ 2 చూపించిందంటే ప్యాక్ అయిపోయింది, కెమెరా చెడిపోలేదు. అమెరికా నుంచి ఎవరైనా తెస్తుంటే ప్యాక్‌లని చెక్-ఇన్ పెట్టెలో వేయొద్దని చెప్పండి. చేతి బ్యాగులో ఉంచుకుని, స్కానర్‌లో కాకుండా చేత్తో చెక్ చేయమని అడగాలి. కొత్త సీటీ స్కానర్లలోకి వెళితే ఫిల్మ్ కెమెరా ఎక్కకముందే పాడైపోతుంది.