పొట్ట మీద సంచి

గోదావరిఖనిలో ఒక గని కార్మికుని భార్య ఉందనుకుందాం. ఆమెకు పెద్దపేగు చివర క్యాన్సర్. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. సర్కారు క్యాన్సర్ ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుట్టారు. దాన్ని స్టోమా అంటారు. మలం అందులోంచి సంచిలోకి వస్తుంది.

ఆమె ఇంటికి వచ్చింది. వంట చేస్తున్నది. బజారుకు పోతున్నది. కాని ఆరు నెలలుగా వేరే చాప మీద పడుకుంటున్నది. "వాసనొస్తదేమో, ఆయనకు రోత పుడ్తదేమో" అని ఆమె భయం. ఆమెకు నొప్పి పుడుతుందేమోనని ఆయన భయం. షిఫ్టు దిగి వచ్చి అవతల పడుకుంటాడు. ఇద్దరూ ఒకరినొకరు అడగరు.

కోరిక మగవాళ్లకేనా? ఆమెకూ ఉంది.

స్టోమా ఎర్రగా, తడిగా ఉంటుంది. బుగ్గ లోపలి చర్మం లాగ. తాకితే నొప్పి తెలియదు. సంచి బాగా అంటుకుంటే వాసన రాదు. మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. దగ్గరయ్యే ముందు కూడా ఖాళీ చేసి, మెత్తటి గుడ్డ చుట్టుకోవచ్చు. పొట్ట మీద బరువు పడొద్దు. పక్కకు తిరిగి పడుకుంటే మేలు. స్టోమాలో మాత్రం ఏదీ పెట్టకూడదు.

పుండు మానేదాకా ఆగాలి. ఎన్నాళ్లో డాక్టరునే అడగాలి. చాలాసార్లు వాళ్లూ తమంతట తాము చెప్పరు! మలద్వారం తీసేసినా, కరెంటు పెట్టినా యోని పొడిబారి నొప్పి రావచ్చు. రాసుకునే జెల్లీ ఉంది. నెలసరి వస్తుంటే గర్భం కూడా రావచ్చు.

ఆపరేషన్ ఇంకా కాని వాళ్లు ముందే ఒక పని చేయాలి. చీర కుచ్చిళ్లు ఎక్కడ దోపుకుంటారో డాక్టరుకు చూపాలి. నిలబడి చూపాలి, కూర్చుని చూపాలి. లంగా నాడా ఒత్తని చోట గుర్తు పెట్టమని అడగాలి.