దొంగనోటు పట్టే నీలి లైటు

కొవ్వూరులో అరటి గెలలు కొనే షావుకారు బల్ల మీదా, ఎరువుల కొట్లోనూ ఆ నీలి లైటు పెట్టె అందరూ చూసిందే. నోటు లైటు కింద పెడతారు, ఓ చూపు చూస్తారు, గల్లాపెట్టెలో వేసుకుంటారు. మా తొమ్మిదో తరగతి కుర్రాడొకడు దాని గురించే అడిగాడు. "మాస్టారూ, ఆ లైటు కింద మంచినోటు మసగ్గా ఉంటుంది, దొంగనోటు ధగధగలాడుతుంది. ఇది తిరగబడి ఉండాలి కదండీ?"

జవాబు బట్టల సబ్బులో ఉంది. మామూలు కాగితానికి సహజంగా కాస్త పసుపు ఛాయ ఉంటుంది. తెల్లగా కనబడాలని మిల్లులో ఒక మెరుపు రసాయనం కలుపుతారు. కంటికి కనబడని అతినీలలోహిత కిరణాన్ని అది మింగుతుంది. అందులో కొంత శక్తి వేడిగా పోతుంది, మిగిలింది నీలి వెలుగుగా బయటికొస్తుంది. శక్తి తగ్గితే తరంగదైర్ఘ్యం పెరుగుతుంది కాబట్టి, 365 నానోమీటర్ల దగ్గర లోపలికి పోయింది 440 దరిదాపుల్లో తేలుతుంది. ఆ నీలం పసుపును కప్పేస్తుంది. సబ్బుపొడి ఇచ్చే తెల్లదనమూ ఈ జాతి రసాయనాలదే. మన నోటు కాగితం పత్తి పీచుతో చేసింది. అందులో ఈ మెరుపు కలపరు. అందుకే లైటు కింద నోటు ఒళ్లు చీకటిగా ఉండి, నంబర్లూ, కాగితంలో అక్కడక్కడా ఉన్న సన్నటి పీచులూ వెలుగుతాయి. కలర్ జిరాక్స్ నోటైతే ఒళ్లంతా వెలిగిపోతుంది.

కాబట్టి ఆ పెట్టె పట్టేది దొంగనోటును కాదు, మెరుపు రసాయనాన్ని. చొక్కా జేబులో ఉండిపోయి సర్ఫు నీళ్లలో నానిన పది నోటును క్లాసులో ఆ లైటు కింద పెట్టి చూపించాను. రిజర్వు బ్యాంకు వేసిన అసలు నోటే, దొంగనోటులా నీలంగా వెలిగింది! పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూశారు.

ఈ వెలుగు సంగతి పాతదే: వర్ణపటంలో ఊదా రంగు దాటిన చీకట్లో క్వినైన్ ద్రావణం నీలంగా వెలగడాన్ని 1852లో శాస్త్రవేత్త స్టోక్స్ వివరించాడు. అయితే మామూలు వెలుతురు కాస్త కలిసినా ఆ మెరుపు కనబడకుండా పోతుంది. ఆ చిక్కు విప్పినవాడు అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్. కనబడే వెలుగును దాదాపుగా ఆపేసి అతినీలలోహితాన్ని మాత్రం వదిలే నల్లగాజు ఆయన తయారుచేశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అది రహస్య సంకేతాలకు పనికొచ్చింది. నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా నచ్చేది ఆ గాజే: చూడటం కోసం వెలుతురును ఆపడం. నోట్లు చూసే చౌక టార్చీల్లో ఆ గాజు ఉండదు. వాటి వెలుగు 395 నానోమీటర్ల దగ్గర ఉంటుంది కనుక కంటికి ఊదాగా కనబడుతుంది, ఆ ఊదాలో అసలు నోటు కూడా వెలిగినట్టు భ్రమ కలుగుతుంది.

తర్వాత నీలి లైటు పెట్టెలో ట్యూబు పోయి ఎల్ఈడీ వచ్చింది, లెక్కపెట్టే మిషన్లలో అయస్కాంతపు కళ్లూ, పరారుణ కళ్లూ చేరాయి. కానీ మెరుపు కలపని కాగితం సంపాదించిన దొంగ ముందు ఈ లైటు ఒక్కటే చాలదు. ఐదు వందల నోటుకి వేలు వాడాలి: గాంధీ బొమ్మ, అంచుల్లోని ఐదేసి గీతలు ఉబ్బెత్తుగా తగులుతాయి. నోటు వంచితే దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది.

పాత బండో, పాడి గేదో అమ్మేటప్పుడు ఇవన్నీ ఇంటి అరుగు మీద కుదరవు. వంతెన దాటి రాజమండ్రి నుంచి వచ్చినవాడు ఫోన్లో పంపానంటే, అతని తెర మీది పచ్చ టిక్కు చూడొద్దు, మీ ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. కొట్లలో మాట్లాడే స్పీకరు డబ్బిచ్చేవాడి ఫోను వైపే చూడదు, తన సిమ్ ద్వారా సర్వరు చెప్పిందే చదువుతుంది. నగదైతే అతన్ని బ్యాంకుకే తీసుకెళ్లి, కౌంటరు దగ్గర కట్టించుకుని, ఆ తర్వాతే తాళాలు ఇవ్వండి. నకిలీదని తేలిన నోటు బ్యాంకు తిరిగివ్వదు, ముద్ర వేసి ఉంచుకుని రసీదు ఇస్తుంది. ఒకే విడతలో నాలుగు దాకా దొరికితే వివరాలు నెలాఖరు నివేదికలో పోలీసులకు వెళ్తాయి, ఐదు దొరికితే ఎఫ్ఐఆరే.