స్ఫటికం మీద అల

హనుమాన్ జయంతికి మాల విరమణ కోసం కొండగట్టు ఎక్కే అంజన్న స్వాముల్లో ఇవాళ ఫోన్ లేనివారు తక్కువ. గుంపులో తప్పిపోయిన పిల్లవాడి కోసం ఒకరు, కింద ఆగిన బస్సు కోసం ఒకరు, అందరూ ఒక్కసారే మాట్లాడుతుంటారు. ఆ మాటలు కలగాపులగం కాకుండా టవర్ దగ్గర చేసే ఏర్పాట్లు చాలానే ఉన్నాయి. అయినా ఫోన్ లోపల జరిగేదే నాకు అంతకంటే అద్భుతంగా తోస్తుంది. 1800 బ్యాండు 4జీలో ఫోన్ 1710 నుంచి 1785 మెగాహెర్ట్జ్ మధ్య పంపుతూ, అదే క్షణంలో 1805 నుంచి 1880 మధ్య వింటుంది. పంపేదాని బలం 200 మిల్లీవాట్ల దాకా ఉంటుంది. సిగ్నల్ సన్నగిల్లిన చోట, వినేదాని బలం వాటులో పది లక్షల కోట్లవ వంతే. అంటే ఫోన్ పంపే సిగ్నల్, అది వినాల్సిన సిగ్నల్ కంటే రెండు లక్షల కోట్ల రెట్లు బలమైనది. రెంటికీ మధ్య ఉన్న ఎడం 20 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఆ ఎడంలో అడ్డు నిలబడేది మిల్లీమీటరు పాటి స్ఫటికపు ముక్క. దాని పేరు సర్ఫేస్ అకౌస్టిక్ వేవ్ ఫిల్టర్, పొట్టిగా సా ఫిల్టర్.

దీని వంశవృక్షం పాతది. 1880లో ప్యారిస్‌లో జాక్, పియేర్ క్యూరీ అన్నదమ్ములు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే ఆ స్ఫటికాలు వంగుతాయని ఆ తర్వాతి ఏడాదే తేలింది. 1885లో ఇంగ్లండులో లార్డ్ రేలీ, ఘనపదార్థం పైపొరను అంటిపెట్టుకుని సాగే ఒక అల ఉండాలని లెక్కకట్టి చెప్పాడు. పైన బలంగా ఉండే ఆ అల ఒకటి రెండు తరంగదైర్ఘ్యాల లోతులోనే అణగిపోతుంది. భూకంపాల్లో దానికి పెద్ద పాత్ర ఉంటుందని ఆయన అప్పుడే ఊహించాడు. ఈ రెండు ఆవిష్కరణలు ఒక్కచోట కలవడానికి 80 ఏళ్ళు పట్టింది.

1965లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో రిచర్డ్ వైట్, వోల్ట్‌మర్ ఒక చిన్న పని చేశారు. క్వార్ట్జ్ పలక మీద పలుచటి లోహపు గీతలు వేశారు. రెండు దువ్వెనలను ఎదురెదురుగా పెట్టి, ఒకదాని పళ్ళ సందుల్లోకి రెండోదాని పళ్ళు దూర్చినట్టు ఉంటుంది ఆ అమరిక. రెండు వరుసలకూ విద్యుత్ సంకేతం ఇస్తే పళ్ళ మధ్య స్ఫటికం ఉబ్బి, కుంగి, ఉపరితలం మీద అల బయలుదేరుతుంది. కొంచెం దూరంలో ఉన్న మరో జత ఆ అలను అందుకుని మళ్ళీ విద్యుత్తుగా మారుస్తుంది. అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో బాల్‌మన్ లిథియం నియోబేట్ స్ఫటికాలను పెంచే పద్ధతి ప్రకటించాడు. ఈ పనికి క్వార్ట్జ్ కంటే అది ఎంతో చురుకైన పదార్థం.

అంత శ్రమపడి విద్యుత్తును అలగా మార్చి, మళ్ళీ విద్యుత్తు చేయడం ఎందుకు? జవాబు వేగంలో ఉంది. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. లిథియం నియోబేట్ మీద అల పోయేది దాదాపు 4 కిలోమీటర్లే, 75 వేల రెట్లు నెమ్మది. 900 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం గాలిలో 33 సెంటీమీటర్లు. స్ఫటికం మీద అది 4.4 మైక్రాన్లకు కుదించుకుపోతుంది. వందల తరంగదైర్ఘ్యాల పొడవున్న అమరిక కూడా గోటి మీద పట్టేస్తుంది.

డిజైన్ అంటే ఇక్కడ బొమ్మ గీయడమే. పన్ను వెడల్పు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉండాలి, అది పౌనఃపున్యాన్ని నిర్ణయిస్తుంది. పళ్ళ జతలు పెరిగేకొద్దీ ఫిల్టర్ వదిలే బ్యాండు ఇరుకవుతుంది. వంద జతలు ఉంటే బ్యాండు సుమారు ఒక శాతం. పక్కపక్క పళ్ళు ఒకదానికొకటి ఎంత మేర ఎదురుపడుతున్నాయో ఆ పొడవును మధ్యలో పెంచుతూ అంచుల్లో తగ్గిస్తూ పోతే, బ్యాండు అంచులు నిటారుగా తెగుతాయి. మనకు ఏ పౌనఃపున్యాలు కావాలో రాసుకుని ఫోరియర్ గణితం గుండా పంపితే, వచ్చే సమాధానమే ఆ పళ్ళ పొడవుల వరుస. లెక్క ఇంత నేరుగా ఆకారమయ్యే పరికరాలు ఎలక్ట్రానిక్స్‌లో నాకు తెలిసి బహు తక్కువ.

ఇది సామాన్యుడి ఇంటికి మొదట చేరింది టీవీలో. హైదరాబాద్ ఈసీఐఎల్ చేసిన ఈసీ టీవీల కాలంలో ఛానెల్‌ను వేరుచేసే పని తీగచుట్టలు, కెపాసిటర్లు చేసేవి. ఒక్కో చుట్టనూ చేత్తో తిప్పి సర్దాలి. ఆ తర్వాత ఐదు కాళ్ళ చిన్న డబ్బా ఒకటి వచ్చి ఆ సర్దుబాటంతా తీసేసింది. మన టీవీల 38.9 మెగాహెర్ట్జ్ దగ్గర దాని పన్ను వెడల్పు పాతిక మైక్రాన్లు. కరీంనగర్ టీవీ మెకానిక్కులకు సా ఫిల్టర్ పేరు కొత్త కాదు.

దానికో జబ్బు ఉండేది. అందుకునే పళ్ళు అలను కొంత వెనక్కి కొడతాయి. అది మొదటి జతను తాకి మళ్ళీ తిరిగొస్తుంది. రెంటి మధ్య దూరం 4 మిల్లీమీటర్లనుకుంటే ఆ ప్రతిధ్వని 2 మైక్రోసెకన్లు ఆలస్యం. 40 సెంటీమీటర్ల తెర మీద అసలు బొమ్మకు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు కుడిపక్కన దాని నీడ పడుతుంది. నీడను చంపాలంటే ఫిల్టర్‌లో నష్టాన్ని కావాలనే పెంచేవారు. టీవీ ఆ నష్టాన్ని తట్టుకుంటుంది, యాంప్లిఫయర్‌తో పూడ్చుకుంటుంది. యాంటెన్నా పక్కనే ఫిల్టర్ కూర్చునే ఫోన్‌కు అది కుదరదు. అక్కడ పోయిన ప్రతి మిల్లీవాటూ బ్యాటరీ నుంచి పోయినట్టే.

1990ల మొదట్లో జపాన్‌లో ఫుజిత్సు ఇంజినీర్లు దారి మార్చారు. అలను ఇక్కడి నుంచి అక్కడికి పంపడం మానేసి, రెండు పక్కలా పరావర్తక గీతలు పెట్టి మధ్యలోనే బంధించారు. అలా చేసిన అనునాదకాలను నిచ్చెన మెట్లలా కలిపారు. వరుసలో ఉన్నవి కావలసిన బ్యాండును దాటనిస్తాయి. భూమికి కలిపినవి దానికి కిందున్న పౌనఃపున్యాన్ని భూమిలోకి తోసేస్తాయి. పైనున్నదాన్ని వరుసలోని అనునాదకాలే ఆపేస్తాయి. నష్టం రెండు మూడు డెసిబెళ్ళకు దిగింది. ఫోన్ చేతిలో ఇమిడేంత చిన్నదవడంలో ఈ నిచ్చెనకు పెద్ద వాటా ఉంది.

ఇక ఎండ. మేలో జగిత్యాల, ఆదిలాబాద్ ఎలా కాగుతాయో చెప్పనక్కర్లేదు. కారు డ్యాష్‌బోర్డు మీది ఫోన్ 65 డిగ్రీలకు చేరడం పెద్ద విషయం కాదు. ఫోన్ ఫిల్టర్లలో వాడే లిథియం టాంటలేట్ మీద, వేడి డిగ్రీ పెరిగితే పౌనఃపున్యం పది లక్షలకు దాదాపు 40 వంతులు జారుతుంది. చలికాలపు ఉదయం 15 డిగ్రీల నుంచి లెక్కిస్తే 50 డిగ్రీల తేడా, 1800 దగ్గర 3.6 మెగాహెర్ట్జ్ జారుడు. ఉన్న ఎడమే 20. తయారీలోని తేడాలు కూడా అందులోంచే పోవాలి. అందుకే పైన సిలికా పూత వేస్తారు. వేడెక్కితే స్ఫటికం మెత్తబడుతుంది, సిలికా గట్టిపడుతుంది, జారుడు చాలావరకు రద్దవుతుంది.

మన దేశంలో మరో చిక్కు ఉంది. ఇక్కడ 4జీకి వాడే 2300 బ్యాండు 2400 మెగాహెర్ట్జ్ దాకా సాగుతుంది, వైఫై మొదటి ఛానెల్ దాన్ని ఆనుకునే మొదలవుతుంది. అంత సన్నని సందులో మామూలు సా ఫిల్టర్ నిలవలేదు. ఉపరితలం మీద కాక పలుచటి పొర మందం గుండా అలను నడిపే బల్క్ అకౌస్టిక్ ఫిల్టర్లు ఇలాంటి చోట్ల అడుగుపెట్టాయి.

కొండగట్టు పక్కనే నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్టీయూహెచ్ ఇంజినీరింగ్ కళాశాల నడుస్తోంది. అక్కడి ఎలక్ట్రానిక్స్ విద్యార్థి ఒక కంప్యూటర్‌తో ఈ దువ్వెనల లెక్కంతా కట్టగలడు. గీసినది స్ఫటికం మీదికి ఎక్కాలంటే మాత్రం శుభ్రగది, మైక్రాన్ కంటే సన్నగా గీసే యంత్రం కావాలి. ఫోన్లలోని ఫిల్టర్లు మురాటా, క్వాల్‌కామ్, స్కైవర్క్స్, కోర్వో వంటి విదేశీ కంపెనీలవే. మన దగ్గర ఢిల్లీ ఐఐటీ, రక్షణ పరిశోధన సంస్థకు చెందిన సాలిడ్ స్టేట్ ఫిజిక్స్ లేబొరేటరీ ఈ పరికరాల మీద పనిచేశాయి. బెంగళూరు ఐఐఎస్‌సీ, బొంబాయి ఐఐటీల నానో ప్రయోగశాలలను బయటి కళాశాలల పరిశోధకులకు తెరిచే ఐనప్ పథకం 2008లో మొదలైంది. నాచుపల్లి బొమ్మ స్ఫటికమవడానికి నాకు కనిపించే దగ్గరి దారి అదే. ఆ దారిని మన జిల్లాల పిల్లలు ఇంకా ఎక్కువగా వాడుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

చేయాల్సిన పని కూడా మిగిలే ఉంది. 2022లో వేలం వేసిన 3300 బ్యాండు 5జీ దగ్గర, వేగం 4 కిలోమీటర్లే అయితే పన్ను వెడల్పు 0.3 మైక్రాన్లకు దిగుతుంది. అంత సన్నని అల్యూమినియం గీతను అల సెకనుకు మూడు వందల కోట్లకు పైగా సార్లు కుదుపుతుంటే లోహపు అణువులు చోటు మారతాయి, గుట్టలు పడతాయి, చివరికి గీత తెగుతుంది. రాగి కలిపి చూస్తున్నారు, పొరలుగా వేసి చూస్తున్నారు, అలను వేగంగా నడిపించే కొత్త ఆధారాల మీద పలుచటి స్ఫటికం అతికించి పన్నును వెడల్పు చేయాలని చూస్తున్నారు.